నిరర్థకమా, నేయార్థమా? : ఆటిజము గల శిశువుల వాక్కును గూర్చిన విచారము

కావ్యమునందు ఒక పదము పొసగనప్పుడు మనము వెంటనే అది అర్థరహితమని త్రోసివేయము. పాఠాంతరమును వెదకుదుము, ప్రకరణమును చూతుము, వ్యాఖ్యాతలను సంప్రదింతుము. అన్ని యత్నములును విఫలమైన పిదపనే కవిని తప్పుపట్టుదుము. శిశువు మాటయెడ ఈపాటి ఓర్పును చూపుట అరుదు. ఆటిజము గల శిశువుల మాటలను వర్ణించు శాస్త్రగ్రంథములలో అసంబద్ధము, అర్థరహితము, చిలుకపలుకు అను విశేషణములు తరచుగ కానవచ్చుచున్నవి. ఆ విశేషణములు పరీక్షాపత్రములలో అంకెలుగ మారుచున్నవి. ఆ అంకెలనుబట్టి శిశువునకు లభింపవలసిన శిక్షణయు, విద్యయు నిర్ణయింపబడుచున్నవి. కావున వాని ఔచిత్యమును పరిశీలించుట పాండిత్యవినోదము కాదు. శబ్దార్థసంబంధమును శతాబ్దముల తరబడి విచారించిన సంప్రదాయమునకు వారసులమైన మనము ఈ విషయమున పలుకుట అనధికారప్రవేశమును కాదు.

ఈ విచారమునకు ఆధారముగ మేము లియో కానర్ రచించిన రెండు వ్యాసములను గైకొంటిమి. ఆయన అమెరికాలో బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమున బాలల మానసిక వైద్యుడు. 1943లో ప్రకటించిన మొదటి వ్యాసమున ఆయన 11 మంది పిల్లల వృత్తాంతములను చెప్పి, ఈ స్థితికి ప్రత్యేకమైన గుర్తింపును కలిగించెను. 1946లో ప్రకటించిన రెండవ వ్యాసము మిక్కిలి చిన్నది. ఈ పిల్లల మాటలలో అసంబద్ధమని తోచునవియు, రూపకప్రాయములైనవియు దాని విషయము. మొదటి వ్యాసమునకు వచ్చిన ప్రసిద్ధి రెండవదానికి రాలేదు. సాహిత్యవిద్యార్థులకు మాత్రము రెండవదియే ముఖ్యము.

1. స్వరూపము, నామము

ఆటిజము మెదడు ఎదుగుదలలో తొలినుండియు కలుగు భేదము. దాని చిహ్నములు సాధారణముగ మొదటి రెండు మూడేండ్లలో వెల్లడియగును. పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడకుండుట, నచ్చిన వస్తువును వ్రేలితో చూపి ఇతరుల చూపును దానివైపు మరల్చకుండుట, ఒకే పనిని మరల మరల చేయుట, అలవాటైన క్రమము మారినచో సహింపకుండుట, ధ్వనిస్పర్శాదులకు మిక్కిలి ఎక్కువగనో మిక్కిలి తక్కువగనో స్పందించుట అందు ముఖ్యములు. ఇవి అందరియందును ఒకే పాళ్లలో నుండవు. బుద్ధిమాంద్యము ఈ పిల్లలలో కొందరికి కలదు, కొందరికి లేదు. ఆ రెండును ఒకటి కావు. సుమారు నాలుగవ వంతునుండి మూడవ వంతువరకు పిల్లలకు మాట మిక్కిలి స్వల్పము, లేదా బొత్తిగ లేదు. మాట వచ్చిన పిల్లల వాక్కే ఈ వ్యాసమునకు విషయము.

ఇక పేరు. గ్రీకు భాషలో తాను అను అర్థము గల పదమునుండి ఆటిజము పుట్టినది. స్విట్జర్లాండు దేశపు వైద్యుడు బ్లాయిలర్ 1911 నాటి గ్రంథమున దీనిని వేరొక మానసికవ్యాధి సందర్భమున వాడెను. కానర్ దానిని శిశువులకు అన్వయించెను. హిందీలో దీనికి స్వలీనత యను పర్యాయము కలదు. తనలో తాను లీనమైయుండుట దాని అర్థము. మన భాషలో ఆత్మలీనుడు అనిన యోగి స్ఫురించును. వైద్యుడు లోపమును చూచినచోట సామాన్యుడు వైరాగ్యమును చూచుటకు ఇట్టి పదములు త్రోవతీయును. శిశువు లోకమును విడిచి లోపలికి పోయినాడనుట రెండు భావములకును సమానము. అది పేరునుండి పుట్టిన ఊహయే గాని శిశువును చూచి తెలిసికొన్న సత్యము కాదు. కావున మేము వ్యవహారమునందున్న ఆటిజము అను మాటనే వాడుచున్నాము.

2. రెండు వ్యాసములు

కానర్ చూచిన 11 మందిలో 8 మందికి మాట వచ్చెను. 3 గురికి రాలేదు. మాట వచ్చిన ఎనమండుగురియందును భాష ఏండ్ల తరబడి ఇతరులకు అర్థమును తెలుపుటకు ఉపకరింపలేదని 1943లో ఆయన తీర్మానించెను. వారి ధారణాశక్తిని మెచ్చెను. ప్రశ్నోత్తరములను, ప్రార్థనలను వల్లించుటను వర్ణించెను. కాని ఆ వల్లెను చిలుకపలుకుతో పోల్చెను.

ఆయన ఇచ్చిన ఉదాహరణములే ఆ తీర్మానమునకు ఎదురు నిలుచుచున్నవి. ఆ పిల్లలలో మొదటివాడు డొనాల్డ్. స్నానము కావలసినపుడు ఆ బాలుడు, నీకు స్నానము కావలెనా యని తానే ప్రశ్నించెడివాడు. అవునన్నచో భుజములపై ఎక్కించుకొందునని ఆశ చూపి తండ్రి అతనికి ఆ మాట నేర్పెను. నాటినుండి చాలకాలము ఆ బాలునకు అవును అను పదమునకు భుజములపై ఎక్కవలెనను కోరికయే అర్థమయ్యెను. ఇచట అర్థము లేకపోలేదు. ఉన్న అర్థము లోకమునకు తెలిసినది కాదు. వినువాడు తండ్రియైనచో గ్రహించును, పరుడైనచో గ్రహింపడు.

మూడేండ్ల పిమ్మట కానర్ ఈ విషయమును తానే గుర్తించెను. 1946 నాటి వ్యాసమందలి ఉదాహరణములను సంగ్రహముగ చెప్పెదము. అయిదేండ్ల బాలుడొకడు వైద్యుని గదిలో, కుక్కను మేడపైనుండి పారవేయవద్దని పలికెను. అచట కుక్కయు లేదు, మేడయు లేదు. మూడేండ్లకు పూర్వము ఆ కుటుంబము లండనులో ఒక హోటలున బస చేసినపుడు బాలుడు బొమ్మకుక్కను మాటిమాటికి క్రిందికి విసరుచుండగా తల్లి విసిగి అట్లు మందలించినదట. నాటినుండి దేనిని విసరవలెనని తోచినను బాలుడు ఆ వాక్యముతో తన్ను తాను వారించుకొనుచుండెను. ఆ బాలునకే రెండేండ్ల వయసున తల్లి ఒక పిల్లల పాట పాడుచు చేతిలోని వంటగిన్నెను జారవిడిచినది. నాటినుండి గిన్నెవంటి వస్తువు కంటబడినపుడెల్ల ఆ పాటలోని మాటలను అతడు పలుకుచుండెను. డొనాల్డ్ ఇంట 5 రంగుసీసాలుండెడివి. వానికి అతడు 1934లో కెనడాలో ఒకే కాన్పున జన్మించిన అయిదుగురు డియోన్ సోదరీమణుల పేర్లు పెట్టెను. నీలము అన్నెట్ అయ్యెను, ఎరుపు సెసిల్ అయ్యెను. ఆ ఇద్దరును కలిసి ఊదారంగును చేయుదురని అతడనిన వినువారికి ఉన్మత్తప్రలాపమువలె తోచెను. ఏడేండ్ల ప్రాయమున అతనిని, 10 సెంట్లిచ్చి 4 సెంట్ల మిఠాయి కొన్నచో తిరిగి వచ్చునదెంత యని అడుగగా, షడ్భుజిని గీసెదనని బదులు చెప్పెను. సరియైన సమాధానము 6. షడ్భుజికి భుజములు ఆరు.

ఈ రెండు వ్యాసములకు నడుమ మారినది శిశువులు కారు. ఉదాహృతులైన పిల్లలలో ముఖ్యులు వారే, మాటలు అట్టివే. మారినది పఠనపద్ధతి. ఇంటివారి జ్ఞాపకము వ్యాఖ్యానముగ చేరినంతనే అసంబద్ధమైన వాక్యము సంబద్ధమయ్యెను.

3. లక్షణా విచారము

కానర్ ఈ అర్థపరివర్తనములను మూడు విధములుగ విభజించెను: సాదృశ్యముచే ఒకదాని స్థానమున మరియొకటి వచ్చుట, ఒకదానికి చెల్లు మాట అట్టివాని కన్నింటికిని వ్యాపించుట, సంకోచముచే ఏకదేశమును గ్రహించుట. ఇవి పాశ్చాత్యాలంకారశాస్త్రపు విభాగములు. కవి వాడు రూపకమునకును ఈ పిల్లల మాటకును గతిలో భేదము లేదనియు, మూలమును వెదకి తెలిసికొన్న శ్రోతకే ఈ మాట బోధపడుననియు ఆయన చెప్పినది మెచ్చదగియున్నది. అయినను మన శాస్త్రపరిభాష ఇచట మరింత సూక్ష్మముగ ఉపకరించునని మా అభిప్రాయము.

మమ్మటుడు కావ్యప్రకాశమున లక్షణకు మూడు హేతువులను చెప్పెను: ముఖ్యార్థమునకు బాధ కలుగుట, ముఖ్యార్థముతో లక్ష్యార్థమునకు సంబంధముండుట, రూఢి గాని ప్రయోజనము గాని ఉండుట. గంగయందు గొల్లపల్లె కలదనినపుడు ప్రవాహముపై పల్లె నిలువనేరదు గనుక ముఖ్యార్థము బాధితము; తీరము ప్రవాహమునకు సమీపము గనుక సంబంధము కలదు; పావనత్వాదులను తోపించుట ప్రయోజనము. ఈ కొలతతో శిశువు వాక్యమును పరీక్షింతము. కుక్కయు మేడయు లేనిచోట ఆ వాక్యమునకు ముఖ్యార్థబాధ స్పష్టము. విసరుటను వారించుటయను సంబంధమును స్పష్టము. తన్ను తాను నిగ్రహించుకొనుట ప్రయోజనము. వంటగిన్నెకును పాటకును సాదృశ్యము లేదు. ఒకే క్షణమున కలిగిన సాహచర్యమే సంబంధము. కావున అది గౌణి కాదు, శుద్ధ. రంగులకు పెట్టిన పేర్లు లక్షణయే కావు. అవి పెట్టినవాని ఇచ్ఛనుబట్టి ఏర్పడిన యదృచ్ఛాశబ్దములు. మన ఇండ్లలో పిల్లికిని దూడకును పేరు పెట్టుటయు అట్టిదే.

అయినచో లోపమెచటనున్నది? సంబంధమున్నది గాని అది లోకప్రసిద్ధము కాదు. ప్రయోజనమున్నది గాని అది శ్రోతను ఉద్దేశించినది కాదు. ఆలంకారికులు పదదోషములను లెక్కించునపుడు నిరర్థకమును వేరుగను, నేయార్థమును వేరుగను చెప్పిరి. పాదపూరణమునకు మాత్రమే పడిన పదము నిరర్థకము. శ్రోతకు గ్రాహ్యమగు రూఢియో ప్రయోజనమో లేక కవి తన ఇచ్ఛచొప్పున లాక్షణికముగ వాడిన పదము నేయార్థము. దాని అర్థమును శ్రోత ప్రయాసపడి రాబట్టవలెను. మేము పరిశీలించిన శిశువాక్యములకు దోషము చెప్పవలసివచ్చినచో అది నేయార్థమగును గాని నిరర్థకము కానేరదు. ఈ భేదము చిన్నది కాదు. నిరర్థకమన్నంతనే శ్రోత పని ముగిసినది. నేయార్థమన్నంతనే శ్రోత పని మొదలైనది.

మన దేశమున ఈ భేదమునకు వెంటనే ప్రయోజనము కలదు. సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన భారతీయ ఆటిజము మూల్యాంకనమాపకమున 40 అంశములు కలవు. 2016లో కేంద్రప్రభుత్వము వైకల్య ధ్రువపత్రములకు దానిని అంగీకరించెను. మాటలను ప్రతిధ్వనించుట, సర్వనామములను తారుమారు చేయుట అందు వేర్వేరు అంశములు. అర్థరహితమైన పదములను వాడుట మరియొక అంశము. మాపకము అక్కరకు వచ్చునదే. దాని వలన అనేక కుటుంబములకు సహాయము లభించెను. మా ఆక్షేపణ ఆ అర్థరహితమను విశేషణముతోడనే. ఒక గంట పరిచయముతో పరీక్షకుడు తనకు తెలియని అర్థమును లేని అర్థముగ లెక్కించుటకు ఆ మాట అవకాశమిచ్చుచున్నది. శ్రోతకు తెలియని పదములని వ్రాసిన సత్యమునకు దగ్గరగా నుండును. తల్లిదండ్రులను అడుగవలెనన్న స్మృతియు పరీక్షకునకు కలుగును.

4. వృద్ధవ్యవహారము

ఈ సంబంధము లోకప్రసిద్ధమునకు భిన్నముగ ఏల ఏర్పడినది? శిశువునకు భాష ఎట్లు వచ్చునో మీమాంసకులు చెప్పిన ప్రక్రియను స్మరింతము. పెద్దవాడు మరియొకనితో ఆవును తెమ్మనును; అతడు తెచ్చును; ప్రక్కనున్న బాలుడు చూచును. పిదప ఆవును కట్టుమని, గుఱ్ఱమును తెమ్మని వాక్యములు మారగా, ఒక పదము పోయి వేరొకటి వచ్చుటను గమనించి బాలుడు ఏ పదమున కేది అర్థమో విడదీసికొనును. ఇదియే ఆవాపోద్వాపములచే కలుగు వ్యుత్పత్తి.

ఈ వర్ణనలో చెప్పకయే అంగీకరించిన విషయమొకటి కలదు. పలుకువాని చూపు ఎచట నిలిచినదో బాలుని చూపును అచటనే నిలుచునని మీమాంసకులు భావించిరి. సామాన్యశిశువులయందు ఇది సత్యము. ఏడాది నిండు నాటికి శిశువు పెద్దల చూపును అనుసరించును, వ్రేలితో చూపును. ఆటిజము గల శిశువులయందు ఈ ఉమ్మడి దృష్టి ఆలస్యముగనో, భిన్నముగనో ఏర్పడును. 1997లో బారన్ కోహెన్, బాల్డ్విన్, క్రౌసన్ అనువారు ప్రకటించిన పరిశోధనమున ఈ విషయము ప్రయోగముచే తేలినది. పెద్దలు ఒక వస్తువును చూచుచు కొత్తపేరు పలికినపుడు ఇతర శిశువులు ఆ పేరును పెద్దలు చూచిన వస్తువునకు చేర్చిరి. ఆటిజము గల శిశువులలో పెక్కుమంది తాము చూచుచున్న వస్తువునకు చేర్చిరి. పాటను వంటగిన్నెకు చేర్చిన బాలుని వృత్తాంతము దీనితో సులభముగ బోధపడుచున్నది. తల్లి మనసు పాటపై నున్నది; బాలుని చూపు గిన్నెపై నున్నది. సంకేతమును గ్రహించు శక్తి అతనియందు లోపింపలేదు. సంకేతము వేరొకచోట నాటుకొన్నది.

మరియొక విషయము. ఆవాపోద్వాపములు జరుగనిచో వాక్యము విడిపోదు. భర్తృహరి వాక్యమును అఖండముగ భావించెను; ఈ శిశువులయెడ అది తత్త్వవాదమువలె గాక ప్రత్యక్షానుభవమువలె కానవచ్చుచున్నది. విన్న వాక్యము విన్నట్లే, స్వరముతో కూడ, ఒకే పదమువలె నిలిచిపోవును. దీనినే చిలుకపలుకనిరి. అయితే 1981లో ప్రిజంట్, డ్యూకన్ అనువారు ఆటిజము గల పిల్లల ప్రతిధ్వనులను సందర్భముతో సహా పరిశీలించి, అవి వంతు నిలుపుకొనుటకు, అంగీకారము తెలుపుటకు, అడుగుటకు, తన్ను తాను నియమించుకొనుటకు, ఇట్లు 7 విధములుగ ఉపకరించుచున్నవని చూపిరి. మన ప్రాచీనులు అలంకారశాస్త్రమున ఆటిజమును గుర్తించిరని మేము చెప్పుట లేదు. అట్టి అతిశయోక్తి పరిశోధనకు హాని. వారి పరిభాష ఈ దృగ్విషయమును వర్ణించుటకు తగియున్నదని మాత్రమే మా వాదము.

5. తెలుగు వాక్యమున ఈ విషయము

సర్వనామవిపర్యయము ఆటిజమునకు ప్రసిద్ధచిహ్నము. నేను, నీవు అను పదములకు స్థిరమైన అర్థము లేదు. పలుకువాడు మారగా అర్థము మారును. వాక్యమును అఖండముగ గ్రహించు శిశువు తన్ను నీవని పేర్కొనుట అందువలన సహజము. ఇంగ్లీషున ప్రతి వాక్యమునందును సర్వనామము పలుకక తప్పదు గనుక విపర్యయము వెంటనే చెవికి తగులును. తెలుగున అట్లు కాదు. తల్లి "స్నానం చేస్తావా" అనును; శిశువు స్నానము కోరినపుడు "స్నానం చేస్తావా" అనును. ఇచట సర్వనామమే లేదు. పురుషభేదము క్రియాంతమున నున్నది. "పాలు కావాలా" అనినచో క్రియయందును పురుషభేదము లేదు. ప్రశ్నార్థకమైన దీర్ఘమొక్కటియే ప్రతిధ్వనిని పట్టియిచ్చును. ఇంగ్లీషు ప్రశ్నావళిని అనువదించి, పిల్లవాడు నేను అనుటకు నీవు అనుచున్నాడా యని అడిగినచో తెలుగు తల్లి నిజాయితీతోనే లేదని చెప్పును. అట్లు చెప్పుటచే నిర్ణయము తప్పుదారి పట్టవచ్చును.

దీనికి విరుద్ధమైన ప్రమాదమును కలదు. మన ఇండ్లలో తల్లి శిశువుతో "అమ్మ పెడుతుంది, బుజ్జి తింటాడు" అని ఇద్దరిని ప్రథమపురుషమున చెప్పుట వాడుక; "మనం అన్నం తిందామా" యని శిశువు తినుటను తనతో కలిపి చెప్పుటయు వాడుక. కావున తెలుగు శిశువు తన్ను పేరుతో చెప్పుకొన్నంత మాత్రమున అది దోషము కాదు. ఏ వయసువరకు అది వాడుక, ఏ వయసునుండి చిహ్నము అను నిర్ణయము తెలుగు శిశువుల మాటలను సేకరించిగాని చేయరాదు. మేము, మనము అను భేదము ఇంగ్లీషున లేదు. ఆటిజము గల తెలుగు శిశువు దానిని ఎట్లు నేర్చునో తెలిసికొనుట భాషాశాస్త్రమునకే లాభము. మన శాఖలలోని పరిశోధకులకు ఇది తగిన విషయము.

6. రెండు అపమార్గములు

విమర్శకుడు రెండు విధముల తప్పిపోవచ్చును. అర్థమున్నచోట లేదనుట ఒకటి. లేనిచోట తన అర్థమును పెట్టుట రెండవది.

మొదటిదానికి కానర్ తరువాతి రచనలే సాక్ష్యము. 1949లో ఆయన ఈ పిల్లల తల్లిదండ్రులను స్నేహశూన్యులుగ వర్ణించి, పిల్లలు మంచుపెట్టెలో ఉంచబడినట్లున్నారని ఉపమించెను. ఎవరి జ్ఞాపకము 1946లో పిల్లల మాటకు భాష్యమయ్యెనో ఆ తల్లిదండ్రులే మూడేండ్లలో దోషులైరి. 1967లో బెట్టెల్‌హైం తన గ్రంథమునకు శూన్యదుర్గమని పేరిడి ఆ నిందను దృఢపరచెను. అదే ఏట క్లారా పార్క్ అను తల్లి తన కుమార్తెను గూర్చి వ్రాసిన గ్రంథమునకు ముట్టడియని పేరిడెను. ఉపమానము ఒక్కటే, కోటలో ఎవ్వరును లేరని వైద్యుడనెను, ఉన్నారని తల్లి అనెను. శాస్త్రము తల్లి పక్షమున నిలిచెను. 1964లో రిమ్‌లాండ్ ఆటిజమునకు శరీరగతమైన మూలమును ప్రతిపాదించెను. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనువారు కవలలను పరీక్షింపగా ఒకే పోలికగల 11 జంటలలో 4 జంటలయందు ఇద్దరికిని ఆటిజముండెను. వేరుపోలికగల 10 జంటలలో ఒక్కదానియందును అట్లు లేదు. వంశగతకారణము ప్రధానమని అప్పటినుండి స్థిరపడినది. కానర్ 1969లో తల్లిదండ్రుల సభలో వారిని నిర్దోషులని ప్రకటించెను. అలంకారము ఎంత అందమైనదైనను ప్రమాణము కాదని ఈ చరిత్ర బోధించుచున్నది.

రెండవ అపమార్గము 1990లలో కానవచ్చెను. మాటలేని శిశువు చేతిని సహాయకుడు పట్టుకొనగా శిశువు అక్షరముల నొత్తి దీర్ఘవాక్యములను వ్రాయునను పద్ధతి వ్యాపించెను. శిశువునకును సహాయకునకును వేర్వేరు చిత్రములను చూపి పరీక్షింపగా, వ్రాతలో వచ్చినవి సహాయకుడు చూచిన చిత్రముల పేర్లే. 1994లో అమెరికా మనోవిజ్ఞానసంఘము ఈ పద్ధతికి శాస్త్రీయమైన ఆధారము లేదని తీర్మానించెను. సహృదయత పేరిట తన మాటను కవి నోట పెట్టు వ్యాఖ్యాతను మనమెరుగుదుము, ఇదియు అట్టిదే. కుక్క, మేడ అను వాక్యమునకు కానర్ చెప్పిన అర్థము గ్రాహ్యమగుటకు కారణము అది మనోహరమగుట కాదు. మూలఘటన ఇంటివారికి తెలిసియుండుట, ఆ వాక్యము తిరిగి తిరిగి అట్టి సందర్భమునందే వచ్చుట. సంబంధము నిరూపింపబడనిచో లక్షణ లేదు. శాస్త్రము మనకు నేర్పిన ఈ నియమము ఇచటను విడువరానిది.

7. ఫలితార్థము

దీనినిబట్టి తేలినదేమనగా: మాట వచ్చిన ఆటిజము గల శిశువునందు భాష లోపించినదనుటకంటె, లోకసంకేతముతో పొత్తు ఆలస్యమైనదనుట యుక్తము. ఆ పొత్తును కుదుర్చుటకు శిశువునకు శిక్షణ కావలెను, శ్రోతకును కావలెను. ఉపాధ్యాయుడు, తల్లిదండ్రులు శిశువు మాటల పట్టికనొకటి వ్రాసియుంచుట మంచిది. వాక్యము, అది పలికిన సందర్భము, మొదట ఎవరి నోట ఎప్పుడు వినెను అను మూడింటిని అందు చేర్చవలెను. నిఘంటుకారుడు ప్రతి పదమునకు ప్రయోగమును వెదకినట్లే వారును ప్రయోగమును వెదకవలెను. పరీక్షకుడు ఆ పట్టికను చూచిన పిదపనే అంకె వేయవలెను.

డొనాల్డ్ ట్రిప్లెట్ మిసిసిపీ రాష్ట్రములోని తన స్వగ్రామమగు ఫారెస్టులో పెరిగి, బ్యాంకున ఉద్యోగము చేసి, కారు నడుపుట నేర్చి, దేశదేశములు తిరిగి 2023లో 89 ఏండ్ల వయసున మరణించెను. ఎదుగుదల శైశవముతో ముగియదనుటకు ఆయన జీవితము నిదర్శనము. అందరి జీవితములును అట్లు సాగవు. ఆయనకు లభించిన ఆదరము గల ఇల్లును ఊరును అందరికిని లభింపవు. షడ్భుజిని గీసెదనన్న నాడు ఆ బాలుని సమాధానము తప్పని పరీక్షాపత్రమున వ్రాయుటకు వీలుండెను. అది సరియైన సమాధానమే. ఆరు అను సంఖ్య అందు కలదు. దానిని చదువవలసిన పని మనది.